మంత్రసాని సైకిలు

ఆ ఏడాది ఏప్రిల్‌లో గడ్డి అట్టల మిల్లు మూతపడింది. సెప్టెంబరులో నా భార్య ఫెన్నాకు ఉద్యోగం దొరికింది. ఆ రెండింటిలో దేన్నీ నేను క్షమించలేదు.

మిల్లులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. గడ్డిమోపులు మోశాను, సున్నపు నీళ్ళలో ఉడికించాను, దుమ్ము మింగాను. మూసేసిన రోజు మేనేజరు ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి తలా ఒక చుట్ట ఇచ్చాడు. నా చుట్టను కాలవలో పారేశాను. ఆ వేసవంతా చిక్కుడు తీగలకు కర్రలు పాతుతూ, రంగు అక్కర్లేని కంచెకు రంగు వేస్తూ గడిపాను. నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఊపిరి గట్టిగా తీస్తే ఛాతీలో ఈల వినిపిస్తుంది. అలాంటివాణ్ణి పనిలోకి ఎవరు తీసుకుంటారు?

ఫెన్నాను తీసుకున్నారు. మా ఊరికి తూర్పున పదకొండు కిలోమీటర్ల దూరంలో, కాలవ ఒడ్డున, బంగాళాదుంపల నుంచి పిండి తీసే ఫ్యాక్టరీ ఉంది. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా అక్కడ దుంపల సీజను. ఒక్కో రైతు బండి నుంచి ఒక బుట్టెడు దుంపలు తీసి, కడిగి, నీళ్ళలో ముంచి తూస్తే వాటిలో పిండి ఎంతుందో తెలుస్తుంది. దాన్ని బట్టే రైతుకు ధర. ఆ కడిగి తూచే గదిలో ఫెన్నాకు పని. బండ్లెక్కి బుట్టలు నింపి తెచ్చేవాడు ఏల్కో. అప్పటికి అతను నాకు ముఖపరిచయం, అంతే. ఊరి బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు. లాకు వంతెన పక్కన తల్లితో కలిసి ఉండేవాడు. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు.

ఉద్యోగం గురించి ఫెన్నా నన్ను అడగలేదు. చెప్పింది. రొట్టె మీద వెన్న రాస్తూ, సోమవారం నుంచి వెళ్తున్నానని, ఒక సైకిలు కావాలని చెప్పింది. ఆమె పాత సైకిలు ఆగస్టులో హ్యాండిల్ మెడ దగ్గర తుప్పు పట్టి విరిగింది. బస్సులు రోజుకు రెండే, ఆ రెండూ ఫ్యాక్టరీ వేళలకు కుదరవు. కారు మాకు ఎప్పుడూ లేదు. పిల్లలూ లేరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరం. ఇకమీదట పగలు నేనొక్కణ్ణే.

శనివారం ఇద్దరం రైంట్ సైకిళ్ళ కొట్టుకు వెళ్ళాం. రైంట్‌కు అప్పటికే డెబ్బై దాటాయి. మా ఊళ్ళో ప్రతి సైకిలుకూ ఎప్పుడో ఒకప్పుడు అతని చెయ్యి పడింది. గుమ్మంలోనే ఒక కొత్త సైకిలు నిలబెట్టి ఉంది. ముదురాకుపచ్చ రంగు. మూడు గేర్లు, మూడూ వెనక చక్రం ఇరుసులోనే దాగి ఉంటాయి. హ్యాండిల్ మీద చిన్న మీట ఉంటుంది, దాన్ని బొటనవేలితో తోస్తే చాలు. ఫెన్నా తోసి చూసింది. టక్‌మంది. మళ్ళీ తోసింది.

"ఇది తీసుకో పిల్లా," అన్నాడు రైంట్. "పొద్దున పోయేటప్పుడు గాలి నిన్ను తోస్తుంది. సాయంత్రం వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. పదకొండు కిలోమీటర్లూ కొడుతుంది. దీన్ని ఒకటో గేరులో పెట్టుకున్నావనుకో, పాట పాడుకుంటూ రావచ్చు."

పాతవి ఏమున్నాయని నేను అడిగాను.

వెనక గదిలో మూడున్నాయి. మొదటిదానికి ముందు ఫోర్కు లోపలికి వంగి ఉంది. ఎక్కడో గోడకు గుద్దినది. రెండోదానికి తాళంచెవి ఒక్కటే ఉంది. ఒక్క చెవితో అమ్మకానికొచ్చిందంటే దొంగసొత్తే కావచ్చు. అలాంటి సైకిలు ఎవరిదో నేను అడగను, కొననూ కొనను. మూడోది మంత్రసానిది. ఆవిడ ఆ వసంతంలో పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టిన సగం మంది దగ్గరికి ఆవిడ ఆ సైకిలు మీదే వెళ్ళింది. నల్లది, పొడుగుది, ఇనప మంచమంత బరువు. గేర్లు లేవు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు.

చక్రాలు పైకెత్తి తిప్పాను. రిమ్ము ఎక్కడా ఊగలేదు. పెడల్ కాడ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాను, ఇరుసులో వదులు లేదు. చైను బొటనవేలితో నొక్కి చూశాను. చువ్వలు ఒక్కొక్కటీ మీటాను. తాళంచెవులు రెండూ ఉన్నాయి. ఆ సైకిలుకు ఒక్క లోపం కూడా లేదు. దాని గురించి ఎవరు అడిగినా ఇప్పటికీ నేను అదే చెబుతాను.

"సైకిలు మంచిదే," అన్నాడు రైంట్. "కానీ మంత్రసాని ఎనభై అయిదు కిలోల మనిషి. ఆవిడ కోసం నేనే బిగించాను దీన్ని. మీ ఆవిడ ఎంతుంటుంది, యాభై రెండా? వెనక పళ్ళ చక్రం తీసేసి రెండు పళ్ళు ఎక్కువున్నది వేస్తాను. పావుగంట పని. డబ్బులేం వద్దు. తొక్కుడు తేలికవుతుంది."

"అక్కర్లేదు," అన్నాను. "ఉన్నది బాగానే ఉంది."

రైంట్ నా వైపు చూశాడు. తర్వాత ఫెన్నా వైపు చూశాడు. ఆమె పచ్చ సైకిలు దగ్గర నిలబడి ఉంది.

"ఎంచేది నువ్వు, తొక్కేది నేను," అంది. "సరే." అని బయటికి వెళ్ళింది.

అక్కర్లేదని నేనన్నది పొదుపు కోసం కాదు. ఆమె రెండు వారాలు తొక్కి, కాళ్ళు పట్టేసి, ఇక నావల్ల కాదని తన నోటితో తనే అనాలి. అందుకు అన్నాను. ఇది తర్వాత ఆలోచించి తెలుసుకున్నది కాదు. పళ్ళ చక్రం అక్కర్లేదన్నప్పుడే తెలుసు.

మొదటి వారం నేను అనుకున్నట్టే జరిగింది. ఫ్యాక్టరీ అయిదింటికి వదులుతారు. ఆరు దాటాక వచ్చేది. మొహం ఎర్రగా కంది ఉండేది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడానికి కూడా వంగలేకపోయేది. నేను కాఫీ పోసి ఎదురుగా పెట్టి, ఆ మాట కోసం చూసేవాణ్ణి. ఆమె కాఫీ తాగేది. మాట వచ్చేది కాదు.

మూడో వారానికల్లా అయిదూ నలభైకి రావడం మొదలుపెట్టింది. కాళ్ళు అలవాటు పడ్డాయనుకున్నాను. ఒకటి మాత్రం అంతుపట్టలేదు. గాలి లేని రోజూ అయిదూ నలభైకే వచ్చేది. కాలవ నీళ్ళు ఒడ్డెక్కేలా గాలి వీచిన రోజూ అయిదూ నలభైకే వచ్చేది. నేను కిటికీ దగ్గర నిలబడి గోడ గడియారం చూసేవాణ్ణి. పనిలేనివాడికి గడియారమే పని.

ఇంటికి రాగానే మాట్లాడేది. అంతకుముందు మా ఇంట్లో భోజనం దగ్గర మాటలు తక్కువ. ఇప్పుడు దుంపలు కడిగే గది మొత్తం మా బల్ల మీదికొచ్చి కూర్చుంది. ఎవరో రైతు తూకం పెరగాలని బండి నిండా రాళ్ళు కలిపి తెచ్చాడట. ఏల్కో బుట్ట దించి, "ఈ దుంపల్లో పిండి లేదు గానీ ఇల్లు కట్టుకోవచ్చు," అన్నాడట. ఆ రైతే నవ్వాడట. ఫెన్నా చెబుతూ చెబుతూ తనే నవ్వింది. గరిట పక్కన పెట్టి మరీ నవ్వింది. మంచి హాస్యమే. నాకు నవ్వు రాలేదు.

అప్పటినుంచి లెక్కపెట్టడం మొదలైంది. ఒక సాయంత్రం బఠానీ సూపు అయ్యేలోగా ఏల్కో పేరు ఏడుసార్లు వచ్చింది. టమ్మో అని నా పేరు ఒక్కసారి, ఉప్పు అందివ్వమని.

పగళ్ళు ఇంకా కష్టంగా ఉండేవి. బట్టలు నేనే ఉతికి ఆరేసేవాణ్ణి. పక్కింటి స్వాంత్యా కంచె అవతల నుంచి చూసేది. ఆమెకు నోరు మూసుకోవడం చిన్నప్పటి నుంచీ రాదు.

"ఓయ్ టమ్మో, క్లిప్పులు ఒకటొకటే పెడుతున్నావే. గాలికి మీ ఆవిడ లంగా జర్మనీ దాటుతుంది," అంది ఒకరోజు. నేను ఇంకో క్లిప్పు పెట్టాను. "ఫెన్నాకి ఈ మధ్య పదేళ్ళు తగ్గినట్టున్నాయి. ఆ ఫ్యాక్టరీలో ఏం పెడుతున్నారో కనుక్కో. మా ఆయన యూరియన్‌ని కూడా పంపిస్తా."

ఆ సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి సైకిలు పరీక్ష చేశాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. చైనుకు కొత్త నూనె వేసి ఉంది. నేను వేయలేదు. సీటు రెండు వేళ్ళు ఎత్తు పెరిగింది. నేను పెంచలేదు.

ఫెన్నాను అడిగాను. ఏల్కో పెంచాడని, మోకాలు మరీ మడత పడుతోందన్నాడని చెప్పింది. బంగాళాదుంప తొక్క తీస్తూ మామూలుగానే చెప్పింది.

నేను స్పానరు తీసుకుని సీటు మళ్ళీ కిందికి దించాను. మర్నాడు సాయంత్రానికి అది మళ్ళీ పైన ఉంది. మళ్ళీ దించాను. మళ్ళీ పెరిగింది. ఈ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగో రోజు నట్టు కదల్లేదు. నా స్పానరు జారి వేలి కణుపు చీరింది. అంత బిగించారు. సీటు అక్కడే వదిలేసి వేలికి గుడ్డ చుట్టుకున్నాను. ఫెన్నా గుడ్డ చూసింది. 

నవంబరులో ఆదివారాలు కార్లు నిషేధించారు. ఎడారి దేశాలు చమురు ఆపేశాయి, అందుకు. కార్లున్నవాళ్ళు ఒక వారం గొణిగి, తర్వాత అదే పండగ చేసుకున్నారు. అప్పటిదాకా సైకిలు ఎక్కనివ్వని పెద్ద రోడ్డు మీదికి ఊళ్ళకు ఊళ్ళు వెళ్ళాయి. చక్రాల బూట్లు వేసుకున్నవాళ్ళు కొందరు, గుర్రబ్బండ్లు కట్టినవాళ్ళు కొందరు, మిగిలినవాళ్ళంతా సైకిళ్ళు.

మూడో ఆదివారం మేమూ వెళ్ళాం. నేను, ఫెన్నా, స్వాంత్యా, ఆమె భర్త యూరియన్. లాకు వంతెన దగ్గర ఏల్కో నిలబడి ఉన్నాడు. మోయ్ అని అందరినీ పలకరించాడు, నన్ను కూడా. వాళ్ళ అమ్మ నిద్రపోతోందట, తనూ వస్తానన్నాడు. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

పోయేటప్పుడు గాలి వీపు మీద ఉంది. ఎవరికీ తొక్కినట్టే లేదు. పెద్ద రోడ్డు మీద ఎవరో తారు మధ్యలో బల్లలు వేసి వేడి పాలు అమ్ముతున్నారు. ఏల్కో అందరికీ పాలు తెచ్చాడు. నా కప్పు కూడా తెచ్చాడు. మిల్లు గురించి అడిగాడు. తన తండ్రి కూడా అదే మిల్లులో దుమ్ము తిని పోయాడన్నాడు. నేను ఊఁ అన్నాను. మనిషిలో వంక పెట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చూశాను. చెవులు పెద్దవి. అంతకుమించి దొరకలేదు.

వచ్చేటప్పుడు గాలి ఎదురు తిరిగింది. కాలవ గట్టు మీద చెట్లు లేవు, ఇళ్ళు లేవు. స్వాంత్యా, నేను ముందు వెళ్తున్నాం. వెనక ఫెన్నా, ఆమెకు ఎడమ పక్కన ఏల్కో, అతనికి అవతల యూరియన్. బ్యాండులో కొత్త డోలు కొనాలా, పాతదానికి తోలు మార్చాలా అని ఏల్కో, యూరియన్ వాదించుకుంటున్నారు. గాలిలో వాళ్ళ మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. పాతదే చాలని యూరియన్ అంటున్నాడు. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను.

ఏల్కో కుడి చెయ్యి ఫెన్నా వీపు మీద ఉంది.

మా వైపు ఎదురుగాలిలో వెనకబడ్డ మనిషిని వీపు మీద చెయ్యి వేసి తోసుకుపోవడం కొత్త కాదు. తండ్రి పిల్లను తోస్తాడు. పెళ్ళయిన కొత్తలో మొగుడు పెళ్ళాన్ని తోస్తాడు. ఇంకొకడి భార్యను తోయరు. తోయకూడదని ఎక్కడా రాసి లేదు, ఎవరూ తోయరు, అంతే.

ఏల్కో ఆమె వైపు చూడడం లేదు. యూరియన్ వైపు తిరిగి డోలు తోలు గురించే మాట్లాడుతున్నాడు. ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు. కుడి చెయ్యి దానంతటదే వెళ్ళి అక్కడ ఉంది. ఫెన్నా కూడా అతని వైపు చూడడం లేదు. రోడ్డు చూస్తోంది. కానీ ఆమె నడుము కొద్దిగా వెనక్కి వాలి ఉంది. ఆ చేతికి తన బరువు ఎంత ఇవ్వాలో ఆ నడుముకు తెలుసు. ఇద్దరి పెడళ్ళూ ఒక్క వరసలో పడుతున్నాయి.

గాలి ఉన్న రోజూ లేని రోజూ అయిదూ నలభైకే ఎలా వచ్చేదో అప్పుడు అర్థమైంది.

నా పక్కన స్వాంత్యా కూడా తిరిగి చూసింది. నా మొహం చూసింది. తర్వాత తన హ్యాండిల్ వైపు చూసుకుంటూ తొక్కింది. ఆమె ఏమీ అనకపోవడం నేను ఆ ఒక్కరోజే చూశాను.

మూడు టెలిఫోన్ స్తంభాల దూరం అలాగే సాగింది. అప్పుడు ఏల్కో మాట మధ్యలో ఆగిపోయాడు. ముందుకు చూశాడు. నన్ను చూశాడు. చెయ్యి చటుక్కున తీసేశాడు, పొయ్యి మీద పెట్టినవాడు తీసినట్టు. ఫెన్నా సైకిలు ఒక్కసారి తూలింది. ఆమె కూడా తలెత్తి నన్ను చూసింది.

చెయ్యి అలాగే ఉంచి ఉంటే ఏమనుకునేవాణ్ణో తెలియదు. అలిసినదాన్ని తోస్తున్నాడని అనుకునేవాణ్ణేమో. తీశాడు. నన్ను చూసి తీశాడు. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మిగతా దారంతా ఫెన్నా ఒక్కతే తొక్కింది. అయిదు కిలోమీటర్లు. ఆ బండిని ఆ గాలిలో తొక్కడమంటే ఏమిటో ఆ రోజు నేను వెనక్కి తగ్గి, వెనక నుంచి చూశాను. పెడల్ కిందికి వెళ్ళడానికి ఆమె సీటు మీంచి లేవాల్సి వచ్చింది. నేను ఆమె పక్కకు వెళ్ళి చెయ్యి వేయవచ్చు. అందరూ నేను వేస్తానని చూస్తున్నారని కూడా తెలుసు. వేయలేదు. ఆమెను చివరిసారి ఎప్పుడు తోశానా అని ఆలోచించాను. పెళ్ళయిన ఏడాది ఒకసారి. ఆ తర్వాత ఆమె వెనకబడితే ఆగి, దగ్గరికి వచ్చేదాకా చూసి, రాగానే మళ్ళీ కదిలేవాణ్ణి. ఆమెకు మాత్రం ఆగడం ఉండేది కాదు.

ఇంటికొచ్చాక ఆమె సూపు వేడిచేసింది. నేను బల్ల దగ్గర కూర్చున్నాను.

"రోజూనా?" అన్నాను.

"ఎదురుగాలి ఉన్నప్పుడు."

"అంటే ఎన్ని రోజులు?"

"గాలి లేని రోజులు లెక్కపెట్టుకో టమ్మో. అది తేలిక."

గరిటతో సూపు కలుపుతూ నిలబడింది. నా వైపు తిరగలేదు.

"రెండు పళ్ళు," అంది. "పావుగంట పని. నేను ఆ కొట్లోనే ఉన్నాను. నాకు చెవులున్నాయి."

ఆ తర్వాత ఇద్దరం సూపు తాగాం. బాగుంది సూపు.

సోమవారం ఆమె వెళ్ళాక రైంట్ కొట్టుకు వెళ్ళాను. పచ్చ సైకిలు ఇంకా గుమ్మంలోనే ఉంది. మిల్లు మూసేటప్పుడు ఇచ్చిన పరిహారం డబ్బులోంచి కొన్నాను. రైంట్ రెండు చక్రాలకూ గాలి కొట్టాడు. చివరికి, "పళ్ళ చక్రం మార్చుకోవడానికి వచ్చావనుకున్నాను," అన్నాడు.

"అది వద్దు. ఇదే కావాలి."

"అది చౌక, అబ్బాయ్."

నా సైకిలు హ్యాండిల్ ఒక చేత్తో పట్టి తొక్కుకుంటూ, కొత్తదాన్ని రెండో చేత్తో పట్టి నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. ఊళ్ళో చూసినవాళ్ళంతా ఫెన్నా అదృష్టవంతురాలన్నారు. ఆమె సాయంత్రం వచ్చి వాకిట్లో దాన్ని చూసింది. మీట తోయలేదు. ఎందుకు కొన్నావని అడగలేదు. ఇకమీద ఎవరి చెయ్యీ అక్కర్లేదని నేను చెప్పాలనుకున్నాను. అది చెప్పకుండానే ఆమెకు తెలిసింది. మర్నాడు దాని మీదే వెళ్ళింది.

ఒక్కతే వచ్చినా అయిదూ నలభైకల్లా వచ్చేసేది. మొహం కందేది కాదు. బూట్లు నిలబడే విప్పేది. ఏల్కో పేరు బల్ల మీదికి రావడం మానేసింది. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. డిసెంబరు మొత్తం మీద ఒక్కసారి కూడా రాలేదు. ఏడుసార్లు వచ్చినప్పుడు ఏడే అని తెలిసేది. ఇప్పుడు ఆమె మనసులో ఎన్నిసార్లు వస్తోందో తెలియదు. బండిలో రాళ్ళు తెచ్చిన రైతుల కథలు కూడా ఆగిపోయాయి. మా భోజనాలు మళ్ళీ మునుపటిలా అయ్యాయి. కావాలనుకున్నది అదే కదా అని నన్ను నేను అడిగాను.

ఒకసారి లాకు వంతెన మీద ఏల్కో ఎదురయ్యాడు. సైకిలు దిగాడు. "టమ్మో, ఆ రోజు..." అని మొదలుపెట్టాడు. నేను దిగలేదు. అతన్ని దాటి వెళ్ళిపోయాను. అతను ఏం చెప్పబోయాడో వినలేదు. వింటే ఏమై ఉండేదో ఈ వయసులో ఆలోచించి లాభం లేదు.

కార్లు లేని చివరి ఆదివారం జనవరిలో వచ్చింది. దుంపల సీజను అప్పటికి ముగిసింది. ఫెన్నా కోటు వేసుకుంటూ, చివరిది, వస్తావా అని అడిగింది. లేచాను.

ఇద్దరమే వెళ్ళాం. పెద్ద రోడ్డు మీద ఈసారి జనం పలచగా ఉన్నారు. పాల బల్లలు లేవు. రోడ్డు పక్క ఇనప కమ్మీ మీద కూర్చుని రొట్టె, జున్ను తిన్నాం. ఫ్యాక్టరీలో ఏడాది పొడుగునా ఉండమన్నారని, ఉంటానన్నానని అప్పుడు చెప్పింది.

"ఏల్కో కూడా ఉంటాడా?" అన్నాను.

"అతన్ని పిండి గోదాములోకి మార్చారు. అది అవతలి గేటు. మాకు కనపడడు."

"మార్చమని ఎవరు అడిగారు? నువ్వా, అతనా?"

ఆమె రొట్టె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంది. "ఇది అడుగుతావని తెలుసు," అంది. సైకిలెక్కింది.

వెనక్కి వచ్చేటప్పుడు గాలి ఎప్పటిలాగే ఎదురు. ఫెన్నా గేరు మార్చిన చప్పుడు వినిపించింది. పచ్చ సైకిలు తేలిగ్గా పోతోంది. నాది ఇరవై ఏళ్ళ నాటిది. నా ఊపిరితిత్తులు అంతకంటే పాతవి. లాకు ఇంకా చాలా దూరం ఉండగానే ఛాతీలో ఈల మొదలైంది. మా ఇద్దరి మధ్య ఒక స్తంభం దూరం పెరిగింది, తర్వాత రెండయ్యాయి. ఆమెను పిలవలేదు.

ఆమె తనే తిరిగి చూసింది. తొక్కడం ఆపి, నేను వచ్చేదాకా బండిని మెల్లగా పోనిచ్చింది. నాలాగా ఆగి చూసి, దగ్గరికి రాగానే కదిలిపోలేదు. నా ఎడమ పక్కకు వచ్చింది. కుడి చెయ్యి నా వీపు మీద పెట్టింది.

అరచెయ్యి మొత్తం ఆనేలా పెట్టింది. భుజాలకు కొంచెం కింద, వెన్నెముకకు సరిగ్గా నడుమ. కుదుపు లేదు. ఆమె పెడల్ ఎప్పుడు కిందికి వెళ్తే అప్పుడే ఆ చేతిలోంచి బలం వచ్చేది, నాది కిందికి వెళ్ళేటప్పటికి అందేది. గాలి సగానికి సగం తగ్గినట్టయింది. ఛాతీలో ఈల ఆగింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె నన్ను అలా ముట్టుకోవడం అదే మొదలు.

ఒక్క స్తంభం దూరం ఊరుకున్నాను. నా నడుము దానంతటదే వెనక్కి వాలబోతోంది. అది తెలిసింది నాకు.

ఆ తోయడం ఆమెకు ఎక్కడ వచ్చింది? కొత్తగా ప్రయత్నించే చెయ్యి కాదది. చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో దానికి తెలుసు. రెండు నెలల పాటు ఇంకొకరు చేస్తుంటే వీపుతో నేర్చుకున్నది అది. నా వీపు మీద ఉన్నది ఆమె చెయ్యే. నాకు మాత్రం అది అతనిదిలా తగిలింది.

"తియ్యి," అన్నాను.

గాలిలో వినపడలేదనుకుంది కాబోలు. "ఇంకా నాలుగు కిలోమీటర్లుంది," అంది.

"తియ్యన్నాను."

తీసింది. వెంటనే తీయలేదు. వేళ్ళు ముందు వదిలాయి, తర్వాత అరచెయ్యి. ముందుకు వెళ్ళిపోలేదు, వెనకబడలేదు. చెయ్యి చాపితే అందనంత దూరం జరిగి, నా వేగంతోనే ఇంటిదాకా వచ్చింది. వాకిట్లో రెండు సైకిళ్ళూ షెడ్డులో పెట్టి తలుపు వేసింది. కాఫీ కావాలా అని అడిగింది. కావాలన్నాను.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికింది. పచ్చ సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్ళింది, వచ్చింది. ఆ కడిగి తూచే గదికి సూపర్‌వైజరు అయింది. నాకు వండిపెట్టింది, దగ్గు వచ్చిన రాత్రులు మందు తెచ్చిపెట్టింది. మనిషిగా నాకు ఏ లోటూ చేయలేదు. ఎవరైనా అడిగితే ఆ మాట ఒప్పుకుంటాను.

చివరి శీతాకాలం మంచం పట్టింది. మందు తాగించాలంటే లేపి కూర్చోబెట్టాలి. నేను వీపు కింద చెయ్యి పెట్టేవాణ్ణి. అప్పటికి ముప్పై ఎనిమిది కిలోలకు వచ్చింది. ఆ బరువు కూడా నా చేతి మీద వేయలేదు. మంచం అంచు పట్టుకుని, పళ్ళు బిగపట్టి, తనే లేచేది.